ఒక్క యూనిట్ వాడకపోయినా బిల్లు ఎందుకు వస్తుంది? శామ్యూల్ ఇన్సల్ జీవితంలో దొరికే జవాబు

నెల రోజులు ఇంటికి తాళం వేసి ఊరెళ్లి వచ్చినా కరెంటు బిల్లు సున్నా రాదు. మీటరు కదలకపోయినా ఫిక్స్‌డ్ ఛార్జీ అని ఎంతో కొంత వస్తుంది. చిన్న ఫ్యాక్టరీ నడిపేవారికి యూనిట్ల లెక్క ఒకటైతే, డిమాండ్ ఛార్జీ లెక్క ఇంకొకటి. పోనీ, ఈ కంపెనీ వద్దని సిమ్ కార్డు మార్చినట్టు మారుద్దామంటే కుదరదు. మన ప్రాంతానికి ఒకటే డిస్కం. ఆ డిస్కం కూడా తనకు తోచినట్టు ధర పెంచలేదు. విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఈఆర్సీ, సరే అనాలి.

ఈ మూడు ఏర్పాట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? వీటిని ఒక్క మనిషే కనిపెట్టాడని చెప్పలేం. కానీ మూడింటినీ కలిపి ఒక వ్యాపారంగా నిలబెట్టి, దేశమంతా అదే దారి పట్టేలా చేసిన వ్యక్తి ఒకరున్నారు. ఆయన పేరు శామ్యూల్ ఇన్సల్. వందేళ్ల కిందట అమెరికాలో పత్రిక చదివే ప్రతి ఒక్కరికీ తెలిసిన పేరు అది. మొదట మెచ్చుకోలుగా, తర్వాత తిట్టుగా ఆ పేరు వినిపించింది. ఆయన ఎదిగిన తీరు మన కరెంటు వ్యవస్థ ఎలా పనిచేస్తుందో చెబుతుంది. ఆయన కూలిన తీరు అది ఎక్కడ దారి తప్పుతుందో చెబుతుంది.

లండన్ గుమాస్తా, ఎడిసన్ సెక్రటరీ

ఇన్సల్ 1859 నవంబరు 11న లండన్‌లో పుట్టారు. తండ్రి చిన్న వ్యాపారి. మద్యపాన వ్యతిరేక ఉద్యమంలో తిరిగే మత ప్రచారకుడు కూడా. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. అందుకే ఇన్సల్ 14 ఏళ్లకే చదువు ఆపేసి ఒక ఆఫీసులో పనికి చేరారు. రాత్రిళ్లు షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నారు. పత్రికలో ఒక ప్రకటన చూసి ఉద్యోగానికి వెళ్తే, అది అమెరికా శాస్త్రవేత్త థామస్ ఎడిసన్ తరఫున లండన్‌లో వ్యవహారాలు చూసే ఏజెంటు కార్యాలయం అని తెలిసింది. ఎడిసన్ వ్యాపార పత్రాలన్నీ ఆ కుర్రాడి చేతుల మీదుగా నడిచేవి.

1881లో ఎడిసన్‌కు సొంత సెక్రటరీగా ఇన్సల్ న్యూయార్క్ చేరారు. అప్పటికి వయసు 21. ఓడ దిగిన రాత్రే పని మొదలైంది. విద్యుత్ దీపాల వ్యాపారానికి డబ్బు కావాలి, యూరప్‌లో ఉన్న హక్కుల్లో ఏవి అమ్మితే ఎంత వస్తుందో తేల్చాలి. ఆ లెక్కలతోనే తెల్లవారింది. ఎడిసన్‌కు ఆలోచనలు ఎక్కువ, లెక్కలంటే చిరాకు. ఆ లోటు ఇన్సల్ తీర్చారు.

1882 సెప్టెంబరు 4న న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం మొదలైంది. ఆ కేంద్రం డీసీ కరెంటు ఇచ్చేది. అది దాదాపు మైలు దూరం దాటి పోలేదు. అందుకని పెద్ద నగరానికి కరెంటు ఇవ్వాలంటే వీధివీధికో చిన్న కేంద్రం కావాలి అనుకునేవారు. ధనికుల ఇళ్లు, హోటళ్లు, బ్యాంకులు తప్ప ఆ కరెంటు కొనగలిగిన వాళ్లు లేరు. మిగతావాళ్లకు గ్యాస్ దీపాలే.

ఎడిసన్ యంత్రాల కర్మాగారం 1886లో షెనెక్టడీకి మారింది. దాన్ని నడిపే బాధ్యత ఇన్సల్‌దే. కొన్ని వందల మందితో మొదలైన కర్మాగారం ఆరేళ్లలో వేల మందికి ఉపాధి ఇచ్చే స్థాయికి వచ్చింది. 1892లో బ్యాంకర్ల చొరవతో ఎడిసన్ కంపెనీ, దాని పోటీదారు కలిసి జనరల్ ఎలక్ట్రిక్‌గా ఏర్పడ్డాయి. కొత్త కంపెనీలో ఇన్సల్‌కు ఏడాదికి 36,000 డాలర్ల పదవి ఇస్తామన్నారు. ఆయన వద్దన్నారు. 12,000 డాలర్లకు చికాగో ఎడిసన్ అనే చిన్న కంపెనీకి అధ్యక్షుడిగా వెళ్లిపోయారు. మూడో వంతు జీతానికి చిన్న కంపెనీకి పోవడం చూసి చాలామంది ఆశ్చర్యపోయారు.

సంక్రాంతి బస్సుల లెక్క

చికాగోలో అప్పటికి 20కి పైగా కరెంటు కంపెనీలున్నాయి. ఒకే వీధిలో రెండు మూడు కంపెనీల తీగలు ఉండేవి. ఎవరికీ పెద్దగా లాభం లేదు, ధర మాత్రం తగ్గలేదు. పోటీ ఉంటే ధర తగ్గాలి కదా? ఎందుకు తగ్గలేదు?

మనకు తెలిసిన ఉదాహరణతో చూద్దాం. సంక్రాంతికి ఊరెళ్లే జనం మొత్తానికి సరిపోయేలా ఆర్టీసీ కొత్త బస్సులు కొనేసిందనుకోండి. పండగ వారం అన్నీ నిండుతాయి. మిగతా ఏడాదంతా చాలా బస్సులు డిపోలో ఖాళీగా ఉంటాయి. అప్పు వాయిదా మాత్రం ప్రతి నెలా కట్టాలి. ఆ భారమంతా టికెట్ ధరలోకి వస్తుంది. కరెంటు పరిస్థితి ఇంతకంటే కష్టం. బస్సుకు టికెట్ లేకపోతే రేపు వెళ్లొచ్చు. స్విచ్ వేసిన క్షణంలో కరెంటు ఉండాల్సిందే. దాన్ని నిల్వ చేసి పెట్టుకోవడం అప్పట్లో దాదాపు అసాధ్యం. కాబట్టి సాయంత్రం అందరూ దీపాలు వెలిగించే రెండు మూడు గంటల కోసం పెద్ద యంత్రాలు, తీగలు పెట్టాలి. మిగతా గంటల్లో అవి ఊరికే ఉంటాయి.

అంటే కరెంటు వ్యాపారంలో అసలు ఖర్చు బొగ్గుది కాదు, యంత్రాల మీద పెట్టిన డబ్బుకు కట్టే వడ్డీది. ఈ సంగతి ఇన్సల్‌కు తెలుసు. దాన్ని బిల్లులోకి ఎలా తేవాలో తెలియలేదు. 1894లో ఇంగ్లండ్ వెళ్లినప్పుడు, సముద్ర తీర పట్టణం బ్రైటన్‌లో దుకాణాలన్నీ కరెంటు దీపాలతో వెలగడం ఆయన చూశారు. అక్కడి విద్యుత్ కేంద్రాన్ని నడిపే ఆర్థర్ రైట్ ఒక కొత్త మీటరు వాడుతున్నారు. అది ఎన్ని యూనిట్లు వాడారో మాత్రమే కాదు, ఒకేసారి గరిష్ఠంగా ఎంత కరెంటు లాగారో కూడా చూపిస్తుంది. బిల్లులో రెండు భాగాలు. మీ కోసం సిద్ధంగా ఉంచిన సామర్థ్యానికి ఒక రుసుము, నిజంగా వాడిన దానికి మరో రుసుము.

మన బిల్లులోని ఫిక్స్‌డ్ ఛార్జీ, డిమాండ్ ఛార్జీ ఈ ఆలోచన నుంచి వచ్చినవే. మీరు వాడినా వాడకపోయినా మీ పేరున కొంత సామర్థ్యం సిద్ధంగా ఉంది, దానికి అయ్యే ఖర్చు ఇది అని ఆ పద్దు అర్థం.

ఇన్సల్ ఈ పద్ధతిని చికాగోకు తెచ్చారు. అక్కడితో ఆగలేదు. పగలు వాడేవాళ్లెవరు, తెల్లవారుజామున వాడేవాళ్లెవరు అని వెతికారు. ఐసు కర్మాగారాలు, లిఫ్టులు, ట్రామ్ కంపెనీలు ఆయన కంటబడ్డాయి. ట్రామ్‌లు సొంతంగా కరెంటు తయారు చేసుకునేవి. వాటికి ఎంత తక్కువ ధర ఇచ్చి అయినా తన దగ్గరే కొనేలా చేశారు. ఇళ్లలో పగటి వాడకం పెంచడానికి ఇస్త్రీ పెట్టెలు ఊరికే వాడి చూడమని పంచారు. ఒకే యంత్రం రోజంతా పనిచేస్తే దాని వడ్డీ ఎక్కువ యూనిట్ల మీద పంచుకుంటుంది. యూనిట్ ఖర్చు పడిపోతుంది. ఈ లెక్కకే లోడ్ ఫ్యాక్టర్ అని పేరు.

1890ల మొదట్లో యూనిట్‌కు సుమారు 20 సెంట్లు ఉన్న చికాగో ధర 1897 నాటికి దాదాపు సగమైంది. తర్వాత కూడా తగ్గుతూ వచ్చింది. 1903లో ఫిస్క్ స్ట్రీట్ కేంద్రంలో ఆయన 5,000 కిలోవాట్ల ఆవిరి టర్బైన్ పెట్టించారు. అంత పెద్దది చేయడానికి జనరల్ ఎలక్ట్రిక్ కూడా జంకింది. నష్టమొస్తే కలిసి భరిద్దామని ఒప్పించి చేయించారు. మొదటిసారి తిప్పే రోజు, పేలితే ప్రమాదమని, దూరంగా వెళ్లమని ఇంజినీరు చెప్పినా ఆయన అక్కడే నిలబడ్డారు. అది పేలలేదు. పాత ఆవిరి ఇంజిన్ల రోజులు అక్కడితో ముగిశాయి.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ఎక్కువ గంటలు వాడే పెద్ద వినియోగదారుకు యూనిట్ చవక, సాయంత్రం రెండు బల్బులు వేసుకునే ఇంటికి ఖరీదు. ఇన్సల్ దీన్ని అన్యాయం అనుకోలేదు, ఖర్చు అలాగే ఉంది కదా అన్నది ఆయన వాదన. మన దేశంలో ఈ మెట్టు తిరగేశాం. పరిశ్రమలు, వాణిజ్య సంస్థలు ఎక్కువ కడితే, ఆ డబ్బుతో ఇళ్లకు, సేద్యానికి తగ్గిస్తాం. క్రాస్ సబ్సిడీ అనేది ఇదే. ఖర్చు ఎవరి వల్ల అయిందో వారే కట్టాలా, కట్టగలిగినవారు ఎక్కువ కట్టాలా అనే తగువు ఆ రోజుల నుంచీ ఉంది. ఏ మీటరూ దాన్ని తీర్చలేదు.

పోటీ వద్దు, పర్యవేక్షణ కావాలి

ఇన్సల్ ఒక్కో పోటీ కంపెనీని కొంటూ పోయారు. అయితే చికాగోలో అసలు ముప్పు పోటీ కంపెనీల నుంచి రాలేదు, నగర కౌన్సిల్ నుంచి వచ్చింది. కరెంటు తీగలు వేయాలంటే కౌన్సిల్ అనుమతి కావాలి. కొందరు కౌన్సిలర్లు దాన్నే వ్యాపారం చేసుకున్నారు. కాగితం మీద ఒక డొల్ల కంపెనీ పెట్టి, దానికి అనుమతి ఇచ్చేసి, పోటీ వద్దనుకుంటే దీన్ని కొనుక్కో అని నడుస్తున్న కంపెనీని బెదిరించడం వారి పద్ధతి. 1897లో ఇన్సల్ మీదా అదే ఎత్తు వేశారు. 50 ఏళ్ల అనుమతితో కామన్‌వెల్త్ ఎలక్ట్రిక్ అనే కంపెనీ పుట్టించారు. కానీ అమెరికాలో విద్యుత్ యంత్రాలు చేసే సంస్థలన్నిటితోనూ చికాగో వరకు తనకు మాత్రమే అమ్మాలని ఇన్సల్ అప్పటికే ఒప్పందాలు రాయించుకున్నారు. డొల్ల కంపెనీకి అనుమతి ఉంది, యంత్రం దొరకదు. చివరికి 50,000 డాలర్లకు వాళ్లు దాన్ని ఇన్సల్‌కే అమ్మేశారు. 50 ఏళ్ల అనుమతి ఆయన చేతికొచ్చింది.

గెలిచారు, కానీ ఇలా ఎంతకాలం? అనుమతి గడువు తీరిన ప్రతిసారీ ఈ బేరమే. అలాంటి కంపెనీకి బ్యాంకులు తక్కువ వడ్డీకి అప్పు ఇవ్వవు. ఇంకోవైపు, మంచినీళ్లలాగే కరెంటునూ మునిసిపాలిటీయే నడపాలన్న ఉద్యమం అమెరికా నగరాల్లో బలపడుతోంది.

1898లో విద్యుత్ కంపెనీల జాతీయ సంఘానికి అధ్యక్షుడి హోదాలో ఇన్సల్ ఒక ప్రసంగం చేశారు. తోటి యజమానులు ఉలిక్కిపడ్డారు. ఆయన చెప్పిన దాని సారాంశం ఇది. ఒక ప్రాంతంలో ఒకే కంపెనీ ఉండాలి. రెండు కంపెనీలు రెండు తీగలు లాగితే ఆ వృథా ఖర్చు చివరికి జనమే కట్టాలి. అలా ఒంటరి హక్కు పొందిన కంపెనీ ధరను ప్రభుత్వ సంస్థ నిర్ణయించాలి. అయిన ఖర్చు, పెట్టుబడి మీద సముచితమైన రాబడి, ఈ రెండూ కలిపితే వచ్చేదే ధర. ప్రభుత్వం మా ధర నిర్ణయించడమేమిటని అప్పుడు చాలామంది వ్యతిరేకించారు. తొమ్మిదేళ్ల తర్వాత ఆ సంఘమే అదే మాటకొచ్చింది. 1907లో విస్కాన్సిన్, న్యూయార్క్ రాష్ట్రాలు నియంత్రణ కమిషన్లు పెట్టాయి. ఇన్సల్ సొంత రాష్ట్రం ఇలినాయ్ 1913లో చట్టం చేసింది.

ఇది ఒక ఒప్పందం లాంటిది. కంపెనీ పోటీ లేకుండా వ్యాపారం చేసుకుంటుంది, బదులుగా అడిగిన వారందరికీ కరెంటు ఇవ్వాలి, లెక్కలు చూపాలి, చెప్పిన ధరకే అమ్మాలి. జనం ఎంచుకునే హక్కు వదులుకుంటారు, బదులుగా తమ తరఫున ఒక కమిషన్ గట్టిగా నిలబడుతుందని నమ్ముతారు. ఆ కమిషన్ గట్టిగా లేకపోతే జనానికి రెండూ పోయినట్టే.

ఊళ్లకు తీగలు, కంపెనీ మీద కంపెనీ

1907లో తన సంస్థలను కలిపి ఇన్సల్ కామన్‌వెల్త్ ఎడిసన్ ఏర్పాటు చేశారు. చికాగో మొత్తం ఒకే కంపెనీ కిందకు వచ్చింది. తర్వాత ఆయన చూపు ఊళ్ల మీద పడింది. చికాగోకు ఉత్తరాన ఉన్న లేక్ కౌంటీలో 1910లో ఒక ప్రయోగం చేశారు. అక్కడి చిన్న ఊళ్లలో కరెంటు ఉన్నా చాలా చోట్ల చీకటిపడ్డాక కొన్ని గంటలే. ఊరికొక చిన్న కేంద్రం ఉండేది. వాటిని మూసేసి, దూరం నుంచి పెద్ద తీగలతో అన్నిటినీ కలిపారు. ఒక్కో ఊరి అవసరం ఒక్కో వేళలో ఉంటుంది కాబట్టి అన్నీ కలిస్తే తక్కువ యంత్రాలు చాలు. ఈరోజు మనం గ్రిడ్ అని చెప్పుకునే దాని వెనక ఉన్న లెక్క ఇదే.

ఆ నమూనాతో 1912లో మిడిల్ వెస్ట్ యుటిలిటీస్ పెట్టారు. అది స్వయంగా కరెంటు తయారు చేయదు. కరెంటు కంపెనీల వాటాలను పట్టుకుని కూర్చుంటుంది. ఇలాంటి దాన్ని హోల్డింగ్ కంపెనీ అంటారు. చిన్న ఊళ్ల కంపెనీలకు విడివిడిగా అప్పు పుట్టదు, పెద్ద సంస్థ నీడలో ఉంటే పుడుతుంది. అక్కడి వరకు అది మంచి ఏర్పాటే.

చెడు ఎక్కడ మొదలైందో తెలియాలంటే ఒక ఊహా లెక్క చూద్దాం. 100 కోట్ల కరెంటు కంపెనీ ఉంది. అందులో సగం అప్పు, సగం వాటాలు. 50 కోట్ల వాటాల్లో సగం, అంటే 25 కోట్లు చేతిలో ఉంటే కంపెనీ మన చెప్పుచేతల్లో ఉన్నట్టే. ఆ 25 కోట్లను ఒక హోల్డింగ్ కంపెనీలో పెట్టి, దానికీ సగం అప్పు తెస్తే, సుమారు ఆరు కోట్లతో దాన్ని నడపొచ్చు. దాని మీద ఇంకో హోల్డింగ్ కంపెనీ పెడితే కోటిన్నరతో సరిపోతుంది. కోటిన్నర పెట్టినవారు 100 కోట్ల కంపెనీని ఆడిస్తారు. కింద లాభం వస్తే పైన ఎన్నో రెట్లు కనిపిస్తుంది. కింద కొంచెం తగ్గితే చాలు, పైన ఏమీ మిగలదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. రాష్ట్ర కమిషన్ చూసేది కింద ఉన్న కరెంటు కంపెనీ లెక్కలనే. పైనున్న హోల్డింగ్ కంపెనీ సలహాలకు, ఇంజినీరింగ్ పనులకు, అప్పులు ఇప్పించినందుకు కింది కంపెనీ దగ్గర ఫీజులు వసూలు చేయొచ్చు. ఆ ఫీజు కింది కంపెనీకి ఖర్చు. ఖర్చు అంటే వినియోగదారుడి బిల్లులోకి పోయేదే. పై కంపెనీ వేరే రాష్ట్రంలో ఉంటే కమిషన్ చెయ్యి అక్కడిదాకా చేరదు. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి టోకుగా అమ్మే కరెంటు ధరను రాష్ట్ర కమిషన్లు నియంత్రించలేవని 1927లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. మొత్తం వ్యాపారం రాష్ట్రాల సరిహద్దులు దాటింది, కాపలా మాత్రం సరిహద్దు దగ్గరే ఆగిపోయింది.

కాపలాదారుకే డబ్బులిచ్చిన ఘటన కూడా ఆ రోజుల్లోనే జరిగింది. 1926లో ఇలినాయ్ నియంత్రణ కమిషన్ ఛైర్మన్ ఫ్రాంక్ స్మిత్ అమెరికా సెనేట్‌కు పోటీ చేశారు. ఆయన ప్రచారానికి ఇన్సల్ 1,25,000 డాలర్లకు పైగా ఇచ్చారు. తన కంపెనీల ధర నిర్ణయించే వ్యక్తికి తానే ఎన్నికల ఖర్చు పెట్టడం. స్మిత్ గెలిచినా సెనేట్ ఆయన్ను లోపలికి రానివ్వలేదు. గట్టి కమిషన్ కావాలని 1898లో అడిగిన మనిషే దాన్ని మెత్తబరిచే పని చేశారు.

కూలిన మేడ

1930 నాటికి ఇన్సల్ సంస్థలు 32 రాష్ట్రాల్లో, 5,000కు పైగా ఊళ్లలో ఉన్నాయి. వినియోగదారులు 40 లక్షలకు పైనే. 60కి పైగా సంస్థల్లో ఆయనకు పదవులున్నాయి. చికాగోలో ఆయన కట్టించిన ఒపేరా భవనం 1929 నవంబరు 4న తెరుచుకుంది. న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కూలి అప్పటికి వారమే. చికాగో కుర్చీ న్యూయార్క్‌కు వీపు చూపించి కూర్చున్నట్టుందని ఆ భవనం ఆకారం చూసి జనం నవ్వుకునేవారు. న్యూయార్క్ బ్యాంకర్లతో ఆయనకు మొదటి నుంచీ పడదు.

అంతకు ముందే సైరస్ ఈటన్ అనే వ్యాపారి ఇన్సల్ కంపెనీల వాటాలు పెద్ద ఎత్తున కొనసాగారు. కంపెనీలు చెయ్యిజారతాయేమోనని ఇన్సల్ 1928, 1929లో మరో రెండు పెట్టుబడి సంస్థలు పెట్టి మేడ మీద ఇంకో అంతస్తు లేపారు. వాటి వాటాలను కరెంటు వాడేవాళ్లకే అమ్మారు. ఉద్యోగులు ఇరుగుపొరుగు చేత కొనిపించారు. టీచర్లు, దుకాణదారులు, వితంతువులు తమ పొదుపు పెట్టారు. ఇంట్లో దీపం వెలిగించే కంపెనీ మునుగుతుందని ఎవరూ అనుకోలేదు. 1930లో 5.6 కోట్ల డాలర్లిచ్చి ఈటన్ వాటాలను కొన్నారు. అందులో ఎక్కువ భాగం అప్పు. హామీగా వాటాలే పెట్టారు. వాటాల ధర పడిపోతుంటే బ్యాంకులు ఇంకా హామీ అడిగాయి. చివరికి పెట్టడానికి ఏమీ మిగల్లేదు.

1932 ఏప్రిల్‌లో మిడిల్ వెస్ట్ కోర్టు అధీనంలోకి వెళ్లింది. జూన్‌లో ఇన్సల్ అన్ని పదవులకూ రాజీనామా చేశారు. లక్షలాది చిన్న మదుపరుల డబ్బు పోయింది. ఆయన సొంత ఆస్తీ పోయింది. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. చికాగోలో దీపాలు ఆరలేదు. కింద కరెంటు ఇచ్చే కామన్‌వెల్త్ ఎడిసన్ నిలిచే ఉంది. కూలింది పైనున్న కాగితపు అంతస్తులు.

అది ఎన్నికల ఏడాది. అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తన ప్రచారంలో ఇన్సల్ పేరును దోపిడీకి గుర్తుగా వాడారు. అప్పటికి ఇన్సల్ పారిస్‌లో ఉన్నారు. కేసులు పెట్టాక గ్రీస్ వెళ్లారు. ఆయన్ను అప్పగించడానికి అక్కడి కోర్టులు రెండుసార్లు ఒప్పుకోలేదు. చివరికి గ్రీస్ ప్రభుత్వం దేశం వదలమంది. అద్దె ఓడలో సముద్రం మీద తిరుగుతూ 1934లో ఇస్తాంబుల్ చేరినప్పుడు అరెస్టయ్యారు. అక్కడి నుంచి చికాగో తీసుకొచ్చారు.

విచారణలో ఆయన బోనెక్కి తన జీవిత కథంతా చెప్పారు. 14 ఏళ్ల గుమాస్తా నుంచి మొదలుపెట్టి. సాధారణ పౌరులున్న జ్యూరీ రెండు గంటల్లోనే నిర్దోషి అని తేల్చింది. తర్వాతి రెండు కేసుల్లోనూ బయటపడ్డారు. ఆయన చేసిన వాటిలో చాలాభాగం అప్పటి చట్టం ప్రకారం నేరం కాదు. అసలు లోపం అక్కడే ఉంది.

1938 జులై 16న పారిస్ మెట్రో స్టేషన్‌లో గుండెపోటుతో ఇన్సల్ చనిపోయారు. వయసు 78. ఆయన జేబులో కొద్దిపాటి చిల్లర మాత్రమే దొరికింది.

ఆయన తర్వాత వచ్చిన చట్టాలు

1932 నాటికి అమెరికాలో ప్రైవేటు విద్యుత్ రంగంలో 73 శాతం ఎనిమిది పెద్ద హోల్డింగ్ సంస్థల గుప్పిట్లో ఉంది. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం హోల్డింగ్ కంపెనీల చట్టం తెచ్చింది. అంతస్తుల మీద అంతస్తులు వేయడం నిషేధించింది. సంబంధం లేని ప్రాంతాల్లో కంపెనీలున్న సంస్థలను విడగొట్టింది. ఆ చట్టం 70 ఏళ్లు ఉంది, 2005లో రద్దు చేశారు. రాష్ట్రాల మధ్య జరిగే టోకు విద్యుత్ అమ్మకాలు కూడా 1935లోనే కేంద్ర సంస్థ పరిధిలోకి వచ్చాయి.

ఇంకో లోటు పల్లెల్లో కనిపించింది. లేక్ కౌంటీ ప్రయోగం తర్వాత కూడా ప్రైవేటు కంపెనీలు పొలాల దాకా తీగలు లాగలేదు. దూరం ఎక్కువ, ఇళ్లు తక్కువ, గిట్టదు. 1930ల మధ్యలో అమెరికా రైతు కుటుంబాల్లో పదింట ఒకదానికే కరెంటు ఉంది. 1935లో ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టి, రైతుల సహకార సంఘాలకు తక్కువ వడ్డీకి అప్పులిచ్చింది. ఆ సంఘాలే తీగలు లాగాయి.

ఆ గాలి మన దాకా వచ్చింది. అమెరికా సహకార సంఘాల నిపుణుల సహాయంతో మన దేశంలో మొదలైన తొలి గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో సిరిసిల్లది ఒకటి. 1970లో ఏర్పడిన ఆ సంఘాన్నే అక్కడివాళ్లు సెస్ అంటారు.

మన దగ్గర ఆ ఒప్పందం

స్వాతంత్ర్యం తర్వాత మనం వేరే దారి పట్టాం. 1948 చట్టంతో రాష్ట్ర విద్యుత్ బోర్డులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌కు 1959లో బోర్డు ఏర్పడింది. యజమానీ ప్రభుత్వమే, ధర నిర్ణయించేదీ ప్రభుత్వమే. తీగలు పల్లెలకు చేరాయి, పంపుసెట్లు నడిచాయి. కానీ ఖర్చుకూ ధరకూ పొంతన పోయి బోర్డులు అప్పుల్లో పడ్డాయి.

1990ల్లో సంస్కరణల పేరుతో నియంత్రణ కమిషన్ నమూనా వచ్చింది. ముందు ఒడిశా, తర్వాత ఆంధ్రప్రదేశ్. 1998 సంస్కరణల చట్టంతో 1999లో బోర్డును విడగొట్టి జెన్‌కో, ట్రాన్స్‌కో చేశారు. అదే ఏడాది ఈఆర్సీ పని మొదలుపెట్టింది. తర్వాత డిస్కంలు వచ్చాయి. 2000లో ఈఆర్సీ మొదటి ధరల ఆదేశంతో ఛార్జీలు పెరిగాయి, రాష్ట్రమంతా ఉద్యమం లేచింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ధరను కమిషన్‌కు అప్పగిస్తే రాజకీయం తొలగిపోతుందన్న నమ్మకం ఆ రోజుతో పోయింది. 2003 విద్యుత్ చట్టం తర్వాత దేశమంతా ఇదే పద్ధతి నడుస్తోంది.

బిల్లు కట్టేవారికి ఈ కథలో ఏముంది?

డిస్కం ఖర్చులో పెద్ద వాటా కరెంటు కొనుగోలుదే. ఎవరి దగ్గర, ఎంతకు, ఎన్నేళ్లకు కొంటున్నారో ఆ ఒప్పందాలను పరిశీలించే అధికారం ఈఆర్సీకి ఉంది. కింది కంపెనీ లెక్కలు సరిగ్గా ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ ఖర్చు ఎవరి జేబులోకి పోతోందో చూడాలి. ఇన్సల్ నాటి కమిషన్లు చూడలేకపోయింది అదే. పోటీ లేని చోట జనానికి ఉన్న రక్షణ ఈ పరిశీలన ఒక్కటే.

ఆ పరిశీలనలో మనకూ చోటుంది. ఏటా నవంబరు చివరికల్లా డిస్కంలు వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికలు ఈఆర్సీకి ఇవ్వాలి. వాటిని ప్రజల ముందు పెట్టి అభ్యంతరాలు తీసుకుంటారు, బహిరంగ విచారణ జరుపుతారు. వినియోగదారులెవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం పంపొచ్చు, విచారణలో మాట్లాడొచ్చు. లాయరు అక్కర్లేదు. రైతు సంఘాలు, చిన్న పరిశ్రమల సంఘాలు ఆ పని చేస్తూనే ఉన్నాయి.

డిస్కంను మార్చుకునే హక్కు మనకు లేదు. దానికి బదులుగా చట్టం మనకిచ్చింది ఆ విచారణలో ఒక కుర్చీ. అది ఖాళీగా ఉంటే అక్కడ కంపెనీ మాట ఒక్కటే వినిపిస్తుంది.